కొండ ఊళ్ళకి ఫోన్ చేస్తే వచ్చే జీపు: మొదట్నుంచి చివరిదాకా ఎలా పెట్టుకోవాలి

మా ఊరికి బస్సు రాదు, ఆటో నిండితే గాని కదలదు, ఫోన్ చేస్తే వచ్చే బండి ఒకటి మేమే పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలెట్టాలి అని చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నా, అందుకే వరసగా రాస్తున్నా.

నేను రాసేది పాడేరు, ముంచింగిపుట్టు, అనంతగిరి వైపు ఊళ్ళని మనసులో పెట్టుకుని. సీతంపేట, రంపచోడవరం, అటు ఉట్నూరు ఏజెన్సీ అయినా పద్ధతి ఇదే, సంత రోజులూ దూరాలూ మారతాయి అంతే.

ఒక మాట ముందే. అందరూ ముందు బండి కొనాలనుకుంటారు, లేదా యాప్ చేయించాలనుకుంటారు. ఆ రెండూ తర్వాత. ఇది నడిచేదీ ఆగేదీ ఫోన్ ఎత్తే మనిషి మీద. అందుకే కింద 3వ స్టెప్ అన్నిటికంటే పొడుగ్గా ఉంటుంది, దాన్ని మాత్రం దాటెయ్యకండి.

1. రెండు వారాలు నోట్‌బుక్ పట్టుకుని లెక్క రాయండి

ఊరందర్నీ కూర్చోబెట్టి "బండి కావాలా" అని అడిగితే అందరూ కావాలనే అంటారు, దాని వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. రోడ్డు మొదలయ్యే చోట, అంటే జనం కొండ దిగి ఆటో కోసం నిలబడే చోట, ఒకళ్ళు కూర్చుని పొద్దున 5 నుంచి సాయంత్రం 7 దాకా వచ్చిపోయేవాళ్ళని రాయాలి. ఇంటర్ చదివే పిల్లలు ఈ పని బాగా చేస్తారు.

రాయాల్సినవి:

- ఏ గూడెం నుంచి, ఎంతమంది
- ఎక్కడికి: సంత, పీహెచ్‌సీ, బ్యాంకు, సచివాలయం, కాలేజీ, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపో
- అక్కడికి ఎన్నింటికి చేరాలి
- వెంట సామాను ఏంటి (మిరియాల బస్తా, పసుపు, కోళ్ళు, కొండచీపుర్లు)
- తిరిగి ఎప్పుడొస్తారు
- ఈ రోజు వెళ్ళాలనుకుని ఆగిపోయినవాళ్ళు ఎవరు, ఎందుకు

చివరిది తప్పకుండా రాయండి. ఆగిపోయినవాళ్ళు రోడ్డు మీద కనపడరు కాబట్టి, సాయంత్రం ఆశా వర్కర్‌నో అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితేనే తెలుస్తుంది. చెకప్ తేదీ దాటిపోయిన గర్భిణి, బీపీ మాత్రలు అయిపోయిన ముసలాయన, ఇలాంటి పేర్లు వస్తాయి. మీ బండి ముందు వీళ్ళ కోసం.

రెండు వారాల్లో కనీసం రెండు సంతలు పడేలా చూసుకోండి. కాఫీ, మిరియాలు కోసే నెలల్లో ఒక లెక్క, వానాకాలంలో ఇంకో లెక్క వస్తుంది, కుదిరితే రెండుసార్లు చెయ్యండి.

2. దారి గీయండి, బండి ఎక్కడిదాకా పోతుందో ఒప్పుకోండి

చార్ట్ పేపర్ మీద చేత్తో గీస్తే చాలు. దూరం కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో రాయండి, ఎందుకంటే ఘాట్‌లో 12 కిలోమీటర్లు లోడుతో ఎక్కడానికి ముప్పావు గంట పట్టొచ్చు, అదే దిగేటప్పుడు వేరే.

గీసేటప్పుడు గుర్తు పెట్టాల్సినవి: బండి తిప్పుకునే చోటు ఎక్కడుంది, ఎదురు బండి వస్తే పక్కకి తీసే చోటు ఎక్కడ, ఏ గెడ్డ (వాగు) మీద కల్వర్టు లేదు, ఎంత వాన పడితే అది దాటలేం, సిగ్నల్ ఎక్కడ వస్తుంది.

ప్రతి గూడెం లోపలికీ బండి పంపిస్తామని మాట ఇవ్వకండి. మూడు నాలుగు గూడేలకి కలిపి ఒక ఎక్కే చోటు పెట్టండి, నడక అరగంట దాటకుండా. అక్కడ ఒక రాయికి పెయింట్ వేసి పేరు రాయండి, వానకి తడవకుండా చిన్న పాక ఉంటే ఇంకా మంచిది. నడవలేనివాళ్ళ కోసం మాత్రం, బండి ఎక్కడిదాకా ఎక్కగలదో అక్కడిదాకా వెళ్ళాలి, ఈ రూల్ మొదటి రోజే రాసి పెట్టుకోండి.

జీపు పని ఆర్టీసీ బస్సు దాకా తీసుకెళ్ళడం, బస్సుతో పోటీ పడటం కాదు. మీ దగ్గర బస్సు ఏ జంక్షన్‌కి ఎన్నింటికి వస్తుందో కనుక్కుని, దానికి 15, 20 నిమిషాల ముందు జీపు చేరేలా పెట్టండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం కదా, కాబట్టి జంక్షన్ దాకా జీపు డబ్బులుంటే చాలు, అక్కణ్ణుంచి ఖర్చు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట పెట్టుకోమని బుకింగ్ అప్పుడే గుర్తు చెయ్యండి, కార్డు ఇంట్లో వదిలేసి జంక్షన్‌లో చూసుకుంటే మళ్ళీ కొండెక్కి తెచ్చుకునే దూరం కాదు.

3. ఫోన్ ఎత్తే మనిషిని ఎంచుకోండి

డ్రైవర్ నంబరే అందరికీ ఇచ్చేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. ఘాట్‌లో బండి నడుపుతూ ఫోన్ ఎత్తకూడదు, ఎత్తినా రాసుకోలేడు, పైగా మలుపు తిరిగితే సిగ్నల్ పోతుంది. మేం మొదట అదే చేశాం. నాలుగు రోజుల్లోనే ఇద్దరికి మాట తప్పాం, అందులో ఒకావిడ చంటిబిడ్డతో రెండు గంటలు రోడ్డు మీద నిలబడింది. ఆ ఊరివాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యడానికి రెండు నెలలు పట్టింది.

కాబట్టి సిగ్నల్ ఉన్న ఊళ్ళో, ఎక్కువగా ఇంటిపట్టునే ఉండే మనిషి కావాలి. చిన్న కిరాణా కొట్టు నడిపే అక్క, డ్వాక్రా సంఘంలో పుస్తకాలు రాసే అమ్మాయి, ఇలాంటివాళ్ళు బాగా సరిపోతారు. తెలుగుతో పాటు మీ దగ్గర మాట్లాడే కువి గాని ఆదివాసీ ఒడియా గాని రావాలి, పెద్దవాళ్ళు ఫోన్‌లో తెలుగు మాట్లాడటానికి మొహమాటపడతారు, మొహమాటం వస్తే పెట్టేస్తారు. నెలకి ఇంత అని డబ్బులివ్వండి. ఊరికే చెయ్యమంటే రెండో నెలకి ఫోన్ ఇంట్లో వదిలి పొలం వెళ్ళిపోతుంది, తప్పు ఆమెది కాదు.

ఆమె లేని రోజు ఎవరు ఎత్తాలో కూడా ముందే అనుకోండి. నంబర్ ఒక్కటే ఉండాలి, సిమ్ ఉన్న ఫోన్ చేతులు మారాలి గాని నంబర్ మారకూడదు.

ఫోన్ వస్తే అడగాల్సినవి, ఈ వరసలోనే:

1. పేరు, గూడెం, ఎక్కే చోటు
2. ఎంతమంది, అందులో చంటిపిల్లలు, నడవలేనివాళ్ళు ఉన్నారా
3. ఎక్కడికి, అక్కడ ఎన్నింటికి ఉండాలి
4. సామాను ఎంత
5. తిరిగి ఇవాళేనా, ఎన్నింటికి పని అయిపోతుంది
6. మళ్ళీ చెప్పాలంటే ఏ నంబర్‌కి, ఎవరి చేత చెప్పించాలి

మూడోదాన్ని "ఎన్నింటికి బయల్దేరతారు" అని అడగొద్దు. అలా అడిగితే ఒక్కొక్కళ్ళు ఒక్కో టైమ్ చెప్తారు, మీరు కలపలేరు. "ఎన్నింటికి చేరాలి" అంటే ఓపీ పదిన్నరకి, బ్యాంకు 11కి అని చెప్తారు, అప్పుడు అందర్నీ ఒకే ట్రిప్పులో సర్దొచ్చు.

అన్నీ రాసుకున్నాక తిరిగి చదివి వినిపించాలి: "రేపు పొద్దున ఆరుంపావుకి చింతచెట్టు దగ్గర, ఇద్దరు, ఒక బస్తా, సరేనా అత్తా?" ఇది చెప్పడానికి పది సెకన్లు పట్టదు, సగం గొడవలు ఇక్కడే ఆగిపోతాయి.

*సిగ్నల్ లేని గూడేలకి ఏం చెయ్యాలి*

అసలు కష్టం ఇక్కడే. ఫోన్ చేస్తే వచ్చే బండి అంటాం, ఫోనే లేనివాళ్ళ సంగతి? యాప్ వద్దని నేను గట్టిగా అనేది కూడా ఇందుకే, బండి ఎక్కువ అవసరమైనవాళ్ళే ముందు బయట ఉండిపోతారు.

మూడు దారులు పనిచేస్తాయి. ఒకటి, ప్రతి గూడేనికి ఒక చీటీ మనిషి. బడి నుంచి వచ్చే టీచర్ చేతో, కిందకి దిగే పిల్లల చేతో సాయంత్రం చీటీలు సిగ్నల్ ఉన్న చోటుకి వస్తాయి, అక్కణ్ణుంచి ఒక ఫోన్‌లో అన్నీ చెప్పేస్తారు. రెండు, డ్రైవర్ చేతిలో చిన్న పుస్తకం, సాయంత్రం ట్రిప్పులో దిగేవాళ్ళని "రేపు మీ ఊరోళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగి రాసుకోవడం. మూడు, అస్సలు చెప్పలేనివాళ్ళ కోసం ప్రతి ట్రిప్పులో రెండు సీట్లు ఎవరికీ ఇవ్వకుండా చివరిదాకా ఉంచడం. నిండిపోయినా సరే ఆ రెండూ ముందు అమ్మకండి.

4. సగం టైమ్‌టేబుల్, సగం పిలుపు

ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాం అంటే అది ట్యాక్సీ అయిపోతుంది, ఒక్కళ్ళ కోసం కొండెక్కి దిగడానికి డీజిల్ ఎవరూ భరించలేరు. బయల్దేరే టైమ్‌లు ఖాయంగా పెట్టండి, ఏ మలుపు తిరగాలి, ఏ ఊరికి వెళ్ళాలి అన్నది మాత్రం పిలుపుని బట్టి మారాలి. ఎవరూ పిలవని ట్రిప్పు తిరగదు. జర్మనీ పల్లెల్లో రూఫ్‌బుస్ అని నడుపుతారు, పేరుకి అర్థం పిలుపు బస్సు, అక్కడా చాలాచోట్ల ఇదే పద్ధతి: టైమ్ ముందే రాసి ఉంటుంది, ఎవరూ ఫోన్ చెయ్యకపోతే బండి కదలదు.

ఒక రోజు ఇలా ఉండొచ్చు:

- పొద్దున 6:00 కొండ మీద నుంచి కిందకి: సంతకి, కాలేజీకి, మొదటి బస్సుకి
- 7:45 కింద నుంచి పైకి: టీచర్లు, ఏఎన్ఎం, సచివాలయం స్టాఫ్
- 9:15 పైనుంచి కిందకి: ఓపీకి, బ్యాంకుకి
- మధ్యాహ్నం 1:30 పైకి: ఆసుపత్రి పని అయిపోయినవాళ్ళు
- 4:15 కిందకి: టీచర్లు, స్టాఫ్
- 5:45 పైకి: అందరూ

ఇందులో రెండు విషయాలు గమనించండి. బండి రాత్రి కొండ మీదే ఆగుతుంది, ఆర్టీసీ నైట్ హాల్ట్ బస్సు లాగా. కింద ఆగితే పొద్దున్నే ఖాళీగా ఎక్కాలి, పైన ఆగితే ఆ ఖాళీ ట్రిప్పు తప్పుతుంది, రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదకొస్తే ఊళ్ళో ఒక బండి ఉంటుంది. రెండోది, జనం పొద్దున దిగుతుంటే ఉద్యోగులు పొద్దున ఎక్కుతారు. ఆ ఇద్దర్నీ జత చేస్తే రెండు వైపులా సీట్లు నిండుతాయి, నెల పాస్ డబ్బులు ముందే చేతికొస్తాయి, టీచర్లు కూడా టైమ్‌కి బడిలో ఉంటారు.

పొద్దున ట్రిప్పులకి ముందురోజు రాత్రి 7 లోపు చెప్పాలి. మధ్యాహ్నం, సాయంత్రం ట్రిప్పులకి రెండు గంటల ముందు చాలు. 7 దాటాక వచ్చిన ఫోన్ కూడా ఎత్తండి, సీటు ఉంటే ఇవ్వండి, కానీ వాళ్ళ కోసం దారి మార్చకండి.

రాత్రి ఏడున్నరకి లిస్టు చూసి, డ్రైవర్‌కి ఎక్కే చోట్లు వరసగా రాసి ఇవ్వాలి. ఏ చోటైనా 5 నిమిషాలకి మించి ఆగకూడదు. 5 నిమిషాలు ఆగి వెళ్ళిపోయాడంటే మొదట్లో తిట్టుకుంటారు, మూడు వారాలకి అలవాటు పడతారు.

5. బండి, కాగితాలు

మొదటి మూడు నెలలు కొనకండి, ఊళ్ళో తిరుగుతున్న సర్వీస్ జీపులోళ్ళతోనే మాట్లాడుకోండి. వాళ్ళని పక్కన పెడితే వాళ్ళ పొట్ట కొట్టినట్టు అవుతుంది, గొడవ కూడా అవుతుంది, పైగా ఆ దారి వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

తెల్ల నంబర్ ప్లేట్ బండిలో డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించొద్దు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ అడ్డం తిరుగుతుంది, నష్టపోయేది ఎక్కినవాళ్ళు. పసుపు ప్లేటే ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో డ్రైవర్ కాకుండా 6 మందిదాకా ఎక్కేది మోటార్ క్యాబ్, 6 దాటి 12 దాకా ఎక్కేది మ్యాక్సీ క్యాబ్. కాంట్రాక్ట్ క్యారేజ్ నిర్వచనంలోనే ఈ రెండూ ఉన్నాయి, మనిషికింత అని విడిగా తీసుకున్నా సరే. కానీ మీ పర్మిట్ మీద రాసిన కండిషన్లే చివరి మాట, ఆర్టీసీకి నోటిఫై చేసిన రూట్లు కూడా ఉంటాయి, కాబట్టి మీ దారి గీసిన చార్ట్ పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకి వెళ్ళి అడగండి, సమాధానం కాగితం మీద తీసుకోండి. ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థకి) కూడా ఒక అర్జీ ఇచ్చి రసీదు ఉంచుకోండి.

చూడాల్సిన కాగితాలు:

- ఆర్సీ, పర్మిట్, పొల్యూషన్, ట్యాక్స్ కట్టిన రసీదు
- ఫిట్‌నెస్ (8 ఏళ్ళ లోపు బండికి రెండేళ్ళకోసారి, దాటితే ఏటా)
- ఇన్సూరెన్స్, అందులో ఎన్ని సీట్లకి ఉందో చదివి చూడండి
- డ్రైవర్ లైసెన్స్. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, దాని గురించి కంగారు పడొద్దు, ఘాట్‌లో ఎన్నాళ్ళు నడిపాడో మాత్రం కనుక్కోండి

బండిలో రెండు చక్రాల కింద పెట్టే చెక్కలు, తాడు, టార్చ్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, టార్పాలిన్ ఉండాలి. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఉన్న డ్రైవర్‌ని ఎంత తక్కువకి వచ్చినా పెట్టుకోవద్దు.

6. డబ్బుల లెక్క

ఒక ఉదాహరణ వేస్తా, అంకెలు మీవి వేసుకోండి. 18 కిలోమీటర్ల దారి, ఎక్కి దిగితే 36. ఘాట్‌లో లీటరుకి 9 వస్తే 4 లీటర్లు, లీటరు 98 అనుకుంటే 392. టైర్లు, బ్రేకులు, సర్వీసింగ్‌కి కిలోమీటరుకి 4 పక్కన పెడితే 144. డ్రైవర్ రోజు కూలి 700, రోజుకి మూడు రౌండ్లయితే ఒక రౌండుకి 233. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, ట్యాక్స్ కలిపి రౌండుకి 100 అనుకుందాం. మొత్తం దాదాపు 870.

మనిషికి 50 తీసుకుంటే 18 మంది ఎక్కాలి, అంటే రెండు వైపులా తొమ్మిదేసి మంది. మామూలు రోజున అంతమంది ఉండరు. ఆరుగురు దిగి ఐదుగురు ఎక్కితే 550, నాలుగు బస్తాలకి 30 చొప్పున 120, ఇంకా 200 తక్కువ.

ఈ 200 ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పలేకపోతే సర్వీసు మొదలెట్టకండి. టికెట్ 50ని 80 చేస్తే లెక్క కుదిరినట్టే ఉంటుంది, కానీ మనం ఎవరి కోసం మొదలెట్టామో వాళ్ళే మళ్ళీ నడుస్తారు. దానికంటే రోజూ తిప్పే బదులు వారానికి నాలుగు రోజులు తిప్పండి. సంత రోజు మిగిలిన డబ్బుని మామూలు రోజులకి వాడండి. ఉద్యోగుల పాసులు, మహిళా సంఘం నిధి, పంచాయతీ ఇచ్చేది, ఇవన్నీ కలిపి ఆరు నెలల లోటు చేతిలో ఉన్నాకే బండి కదలాలి. ఒక్క చోటు నుంచి వచ్చే డబ్బు మీదే నడపొద్దు. బ్రిటన్‌లోని వేల్స్‌లో బుకాబస్ అని పల్లెలకి పిలిస్తే వచ్చే బస్సు 2009 నుంచి నడిచింది, యూరోపియన్ యూనియన్ నిధులు అయిపోయాక 2023 అక్టోబర్‌లో ఆగిపోయింది. అంత డబ్బున్న దేశంలోనే అలా అయింది.

డ్రైవర్‌కి తలకింత అని ఇవ్వొద్దు, రౌండుకింత అని ఇవ్వండి. తలకింత అంటే ఎక్కువమందిని కుక్కుతాడు, ఇద్దరే ఉన్న ఊరికి పోడు.

7. అర్జెంట్ కేసులకి వేరే రూల్

బుకింగ్ నంబర్ ఆంబులెన్స్ నంబర్ కాదని ప్రతి ఊళ్ళో చెప్పండి. ముందు 108కి ఫోన్ చెయ్యాలి. అయితే 108 రోడ్డు దాకానే వస్తుంది, కొన్నిచోట్ల ఫీడర్ అంబులెన్స్ బైకులు ఉన్నాయి, అవీ ఎక్కలేని చోట ఇప్పటికీ డోలీయే. కాబట్టి 108కి చెప్పి, అది వచ్చే చోటుకి జీపులో ఎదురెళ్ళడం మన పని. పాము కాటు, పురిటి నొప్పులు, ఫిట్స్, పెద్ద దెబ్బలు, ఈ నాలుగింటికి ఏ బుకింగ్ అయినా పక్కకి తప్పుకోవాలి, డబ్బులు అడగకూడదు. ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాసి బండిలో అతికించండి.

గర్భిణుల విషయంలో నొప్పులు వచ్చేదాకా ఆగడమే పెద్ద తప్పు. ఏఎన్ఎం దగ్గర కాన్పు తేదీల లిస్టు ఉంటుంది, అది చూసి తేదీకి రెండు వారాల ముందే గర్భిణుల వసతి గృహానికి సీటు మీరే బుక్ చెయ్యండి, వాళ్ళు ఫోన్ చేస్తారని ఎదురుచూడొద్దు. కాన్పయ్యాక సర్కారు ఆసుపత్రి నుంచి 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ దింపుతుంది, అది ఆగే చోటు నుంచి పైకి మన జీపు ఉండాలి. పచ్చి బాలింతని బిడ్డతో నడిపించి కొండెక్కించకండి.

8. మొదటి నెల ట్రయల్

సంత రోజు ఒకటి, ఆసుపత్రి రోజు ఒకటి, వారానికి రెండు రోజులతో మొదలెట్టండి. నెల తర్వాత పుస్తకం తీసి చూడండి: ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమందికి కాదన్నాం, ఎంతమంది బుక్ చేసి రాలేదు, ఏ గూడెం నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఫోన్ రాని గూడేనికి స్వయంగా వెళ్ళండి. అవసరం లేక చెయ్యరని అనుకోవద్దు, నంబర్ తెలియకో, ఎక్కే చోటు వేరే ఊరోళ్ళ దగ్గర ఉందనో, పాత గొడవ వల్లో చెయ్యరు.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే దారి

*బుక్ చేసి రాకపోవడం.* జరిమానా వెయ్యకండి, వేస్తే ఫోన్లే ఆగిపోతాయి. రాత్రి లిస్టు రాశాక ఒకసారి తిరిగి ఫోన్ చేసి అడగండి. అయినా మూడుసార్లు రాకపోతే, తర్వాతసారి సీటు ఖాయం అని చెప్పొద్దు, ఖాళీ ఉంటే ఎక్కమనండి.

*సంత రోజు టాప్ మీద జనం.* ఇది ఎంత చెప్పినా జరుగుతుంది. సంత రోజున జనం, బస్తాలు ఒకే బండిలో వెళ్ళకూడదు, అంతే. సామానుకి ముందు రోజు సాయంత్రం ఒక ట్రిప్పు వేసి, కింద ఒక గది అద్దెకి తీసుకుని దింపండి. టాప్ మీద బరువు పెరిగితే మలుపులో బండి ఒరిగిపోతుంది, సీట్లకి మించి ఎక్కినవాళ్ళకి ఇన్సూరెన్స్ దగ్గర కూడా కష్టమే.

*పలుకుబడి ఉన్నవాళ్ళకి ముందు సీటు.* ఫోన్ వచ్చిన వరసలోనే సీటు. పుస్తకం ఎవరడిగినా చూపించండి. ఫోన్ ఎత్తే అక్క ఒక్కతే దీన్ని ఎదుర్కోలేదు, గ్రామసభలో తీర్మానం రాయించి ఆమె చేతిలో పెట్టండి.

*తిరుగు ట్రిప్పు మర్చిపోవడం.* పొద్దున తీసుకెళ్ళినవాళ్ళని సాయంత్రం వదిలేసి వస్తే, వాళ్ళు రాత్రికి బస్టాండ్‌లో పడుకోవాలి. 5:45కి కదిలేముందు పొద్దున లిస్టు తీసి పేరు పేరునా టిక్కు పెట్టండి. ఒక్క పేరు మిగిలినా ఫోన్ చేసి కనుక్కోకుండా కదలొద్దు.

10. రోజూ రాత్రి, పొద్దున చూసుకోవాల్సినవి

రాత్రి:

- ☐ రేపటి లిస్టు వరసగా రాశామా, డ్రైవర్‌కి చేరిందా
- ☐ చీటీలు అన్ని గూడేల నుంచి వచ్చాయా
- ☐ ఏఎన్ఎం లిస్టులో రేపు చెకప్ ఉన్నవాళ్ళు ఉన్నారా
- ☐ డీజిల్ ఉందా (కొండ మీద బంకు లేదు)
- ☐ రెండు సీట్లు ఖాళీగా ఉంచామా

పొద్దున:

- ☐ బ్రేకు, స్టీరింగ్, టైర్లు, లైట్లు, వైపర్లు
- ☐ రాత్రి పైన వాన పడిందా, గెడ్డ ఎలా ఉంది
- ☐ ఫోన్ ఛార్జింగ్
- ☐ చిల్లర

వాన పడిన రోజు గెడ్డ దగ్గర డ్రైవర్ దిగి చూడాలి. గెడ్డకి ఈ పక్క ఒక రాయి మీద గీత గీసి ఉంచండి, నీళ్ళు ఆ గీత దాటితే బండి దాటదు, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే. అలాంటి రోజు అవతలి ఒడ్డుకి ఇంకో బండిని రప్పించి, నీళ్ళు తగ్గి నడిచి దాటగలిగే దాకా జనాన్ని బండిలోనే కూర్చోబెట్టండి. లిస్టులో ఉన్న మిగతా ఊళ్ళకి ఫోన్ ఎత్తే అక్క ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, ఇవాళ బండి లేదు, రేపు ఇదే టైమ్‌కి మీ సీటు ఉంటుంది అని చెప్పాలి. సిగ్నల్ లేని గూడేలకి ఎవరినైనా నడిపించి పంపండి, పొద్దున్నే వచ్చి ఎక్కే చోట తడుస్తూ నిలబడకుండా.